ఆయన కట్టని పన్ను

నర్సంపేట రోడ్డులో ట్రాక్టరు కల్టివేటర్లు తయారుచేసే ఒకాయన ఉన్నారు. రేకుల షెడ్డు, రెండు వెల్డింగ్ యంత్రాలు, ఒక కటింగ్ యంత్రం, ఒక డ్రిల్లు, నలుగురు పనివాళ్లు. పదకొండేళ్లుగా ఆయన లెక్కలు నేనే చూస్తున్నాను. సంక్రాంతికి వారం ముందు జీఎస్టీ రిటర్ను వేద్దామని ప్రభుత్వ పోర్టల్ తెరిస్తే, మామూలుగా ఎవరూ నొక్కని ఒక మూల ఆయన పేరు మీద నోటీసు కనిపించింది. అది వచ్చి అప్పటికే పంతొమ్మిది రోజులైంది. చట్టం ప్రకారం పోర్టల్లో పెడితే ఇచ్చినట్టే. చేతికి గ్రీజు అంటుకుని ఉండే మనిషి రోజూ పొద్దున్నే లేచి పోర్టల్ చూసుకోవాలని చట్టం అనుకుంటుందేమో.

విషయం ఇది. 2023 ఫిబ్రవరిలో ఆయన వరంగల్‌లోనే ఒక వ్యాపారి దగ్గర ఆరు లక్షల రూపాయల ఇనుము కొన్నారు. దాని మీద 18 శాతం, అంటే 1,08,000 పన్ను. మొత్తం 7,08,000 బ్యాంకు ద్వారా పంపారు. అమ్మినాయన ఆ బిల్లును తన అమ్మకాల రిటర్నులో చూపించాడు కాబట్టి అది మా 2బిలో, అంటే మాకు అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లులను పోర్టల్ చూపే పట్టికలో, కనిపించింది. మేము ఇన్‌పుట్ తీసుకున్నాం, అంటే ఆ పన్నును మేము కట్టవలసిన పన్నులో తగ్గించుకున్నాం. కానీ ఆ వ్యాపారి అమ్మకాలు చూపించి, పన్ను లెక్క చెప్పి కట్టే 3బి అనే రిటర్ను మాత్రం వేయలేదు. కొన్నాళ్లకు దుకాణం ఎత్తేశాడు. ఇప్పుడు ఆ షట్టరు ఉన్నచోట టిఫిన్ సెంటరు నడుస్తోంది. పన్ను వాడు కట్టలేదు కాబట్టి మీరు తీసుకున్న 1,08,000 చెల్లదు, తిరిగి కట్టండి, వడ్డీ 55 వేల పైచిలుకు కూడా కట్టండి, జరిమానా కేంద్రానికి పది వేలు, రాష్ట్రానికి పది వేలు అని నోటీసు. ముప్పై రోజుల్లోపు పన్ను, వడ్డీ కట్టేస్తే జరిమానా మాఫీ. అప్పటికి మిగిలినవి పదకొండు రోజులు.

ఫోను చేస్తే గంటలో వచ్చారు. నోటీసు చదివి వినిపించాను. ఆయన అడిగింది ఒక్కటే మాట. "నేను కట్టాను కదా సార్?"

ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. ఆ ప్రశ్నకు సెక్షన్ నంబర్లతో జవాబు చెప్పగలను గానీ, ఆయన ముఖం చూసి చెప్పగలిగే జవాబు నా దగ్గర లేదు. పన్ను కట్టిన మనిషి చేతే మళ్లీ పన్ను కట్టించడం అన్యాయమని, అంతకంటే ముందు అది తెలివితక్కువ పని అని నా వాదన. దొంగను పట్టుకోవడానికి పెట్టిన ఈ నిబంధన దొంగను పట్టుకోవడం లేదు. చిన్న దుకాణదారుడిని మాత్రం బజారు నుంచి మెల్లగా బయటకు నెడుతోంది.

ముందు ఈ ఇన్‌పుట్ అనేది ఏమిటో ఆయన షెడ్డులోనే చూద్దాం. చాలామంది, చదువుకున్నవాళ్లు కూడా, అది ప్రభుత్వం ఇచ్చే రాయితీ అనుకుంటారు. ఆయన ఆరు లక్షల ఇనుముకు కట్టిన 1,08,000 అప్పటికే ప్రభుత్వానికి చేరవలసిన పన్ను. ఆ ఇనుముతో కల్టివేటర్లు చేసి పది లక్షలకు అమ్మారనుకోండి. అప్పట్లో కల్టివేటర్ మీద 12 శాతం, అంటే 1,20,000. ఈ మొత్తం కట్టమంటే ఇనుము మీద పన్ను రెండుసార్లు పడినట్టు. అందుకని ముందు కట్టిన 1,08,000 మినహాయించుకుని మిగతా 12,000 కడతారు. ఆయన చేతిపని, కరెంటు, లాభం కలిసి ఆ సరుకుకు ఎంత విలువ చేర్చాయో దాని మీదే పన్ను. ఇందులో ఎవరూ ఎవరికీ ఇచ్చింది ఏమీ లేదు. ఆయన డబ్బు కొన్నాళ్లు ప్రభుత్వం దగ్గర ఉంది, లెక్కలో తిరిగి వచ్చింది, అంతే.

కరెంటు అన్నాను కాబట్టి ఒక మాట. వెల్డింగ్ షాపుకు ఇనుము తర్వాత పెద్ద ఖర్చు కరెంటే. కరెంటు మీద జీఎస్టీ లేదు, డీజిల్ మీద కూడా లేదు. వాటి మీద కట్టే సుంకాలు, పన్నులు ఇన్‌పుట్ లెక్క ఉండే లెడ్జర్‌లోకి రావు, సరుకు ధరలో కలిసిపోతాయి. పన్ను మీద పన్ను ఉండదని 2017లో చెప్పిన మాట ఆయన మీటరు బిల్లు దగ్గరే ఆగిపోయింది.

2025 సెప్టెంబరు 22 నుంచి కల్టివేటర్ మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. రైతుకు మంచిదే, నేను కాదనను. ఇనుము మీద మాత్రం 18 శాతం అలాగే ఉంది. ఇప్పుడు పది లక్షల అమ్మకానికి 50,000 పన్ను వస్తుంది, ఇనుముకు కట్టింది 1,08,000. అంటే 58,000 ప్రతిసారీ లెడ్జర్‌లో మిగిలిపోతుంది. ఇలాంటప్పుడు వాపసు అడగవచ్చు, దానికో సూత్రం ఉంది. ఆ సూత్రంలో సరుకుల మీద కట్టిన పన్నును లెక్కలోకి తీసుకుంటారు. షెడ్డు అద్దె మీద, రిపేర్ల మీద, నా ఫీజు మీద కట్టిన 18 శాతం దానిలోకి రాదు. కొత్తగా కొన్న కటింగ్ యంత్రం మీద కట్టిందీ రాదు. సేవలను పక్కన పెట్టడం సరైనదేనని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. వాపసుకు దరఖాస్తు పెట్టి, అడిగిన కాగితాలు ఇచ్చి, డబ్బు చేతికి వచ్చేదాకా ఆ 58,000కు బయట నూటికి రెండు రూపాయల వడ్డీ కట్టేది ఆయనే. ఇక నోటీసు సంగతికి వస్తే, అదే మనిషి ప్రభుత్వానికి బాకీ ఉన్నాడంటోంది. ఒక జేబులో ఆయన డబ్బు వాళ్ల దగ్గర ఇరుక్కుని ఉంది, ఇంకో జేబులోంచి తీసి కట్టమంటున్నారు.

నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు ఇవన్నీ లేవు. ఉత్పత్తిదారులకు, తయారీ మీద పడే ఎక్సైజ్ సుంకంలో, ముందు కట్టినదాన్ని తగ్గించుకునే మోడ్‌వ్యాట్ 1986 నుంచి ఉండేది, 2000 నుంచి దానికే సెన్‌వ్యాట్ అని పేరు. కానీ ఎక్సైజ్ కట్టేది పెద్ద ఫ్యాక్టరీలు. మా ఊళ్లో ఎక్సైజ్ లెక్కలు రాసేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సేవల పన్ను 1994లో మూడే మూడు సేవలతో మొదలైంది. టెలిఫోను, సాధారణ బీమా, షేర్ల బ్రోకర్లు. సరుకు మీద కట్టిన ఎక్సైజ్‌నూ సేవ మీద కట్టిన పన్నునూ ఒకే బుట్టలో వేసుకునే వీలు 2004 సెప్టెంబరులో కానీ రాలేదు. మనకు అమ్మకపు పన్ను పోయి వ్యాట్ వచ్చింది 2005 ఏప్రిల్ 1న. అప్పుడు మొదటిసారి స్టేషన్ రోడ్డు దుకాణాల్లో "ఇన్‌పుట్" అనే మాట విన్నాను. అప్పటికీ వ్యాట్ బుట్ట వేరు, సేవల పన్ను బుట్ట వేరు. 2017 జూలై 1న జీఎస్టీ పేరుతో రెంటినీ కలిపారు. అది నిజంగా పెద్ద పనే. దుకాణదారుడు ఫోను బిల్లు మీద, ఆడిటర్ ఫీజు మీద కట్టిన పన్ను సరుకు పన్నుకు చెల్లు పెట్టుకోవచ్చు. ఫోటో స్టూడియో నడిపే కుర్రాడు కెమెరా మీద కట్టింది పెళ్లి ఆల్బం పన్నులో తగ్గించుకోవచ్చు. ఈ ఏర్పాటు మంచిదని నమ్మేవాళ్లలో నేనూ ఒకడిని. అందుకే దీన్ని పాడుచేస్తుంటే కోపం వస్తుంది.

పాడు కావడం ఒక్కరోజులో జరగలేదు. మొదట చెప్పింది అమ్మినవాడు తన బిల్లులు పెడతాడు, కొన్నవాడు వాటిని సరిచూసుకుంటాడు, రెండూ కలిస్తే లెక్క తేలిపోతుంది అని. ఆ సరిచూసే ఫారం మొదటి నెలకే కుప్పకూలింది. దాన్ని పక్కన పెట్టి 3బి అనే చిన్న ఫారం ఇచ్చారు, మీ ఇన్‌పుట్ మీరే రాసుకోండి అన్నారు. రెండేళ్లు అలా నడిచింది. 2019 అక్టోబరులో, పోర్టల్లో కనిపించినదానికి మించి 20 శాతం వరకే అన్నారు. 2020 జనవరిలో అది 10 అయింది, 2021లో 5, 2022 జనవరి నుంచి సున్నా. అంటే అమ్మినవాడు ఎక్కించకపోతే, మీ చేతిలో బిల్లు ఉన్నా, సరుకు గోదాములో ఉన్నా, డబ్బు ఇచ్చేసినా, ఇన్‌పుట్ లేదు. 2022 డిసెంబరు చివర ఇంకో నియమం వచ్చింది. అమ్మినవాడు బిల్లు ఎక్కించి కూడా, ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక సెప్టెంబరు 30 నాటికి 3బి వేయకపోతే, కొన్నవాడు నవంబరు 30లోపు తీసుకున్న ఇన్‌పుట్ వెనక్కి కట్టాలి. వాడు ఎప్పుడైనా కడితే అప్పుడు మళ్లీ తీసుకోవచ్చు.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ ఇనుము వ్యాపారి 3బి వేశాడో లేదో 2023 నవంబరు లోపు నేను చూసి ఉండాల్సింది. చూసే వీలు పోర్టల్లో ఉంది. చూడలేదు. నా దగ్గర అరవై మంది ఉన్నారు, ఒక్కొక్కరికి సరుకు వేసేవాళ్లు ముప్పై, నలభై మంది. రెండు వేల మంది పన్ను కట్టారో లేదో నేను, నా దగ్గర పనిచేసే ఇద్దరు పిల్లలు కాపలా కాయాలి. ఆ పని చేయడానికి ప్రభుత్వానికి ఒక శాఖ ఉంది. ఆ శాఖకు అధికారాలున్నాయి, బ్యాంకు ఖాతా ఆపగలదు, ఆస్తి జప్తు చేయగలదు. నేను చేయగలిగింది ఫోను చేసి "అన్నా, కొంచెం రిటర్ను వేయండి" అని బతిమాలడమే.

నిజానికి పన్ను వసూలు చేసి ఖజానాకు కట్టని వాడి దగ్గర నుంచి దాన్ని రాబట్టడానికి ఇదే చట్టంలో 76వ సెక్షన్ ఉంది. గట్టి సెక్షన్. ఆ ఇనుము వ్యాపారి మీద దాన్ని వాడారా? మా నోటీసులో దాని ఊసు లేదు. వాడి దుకాణం మూతపడింది, వాడిని వెతకడం కష్టం. కల్టివేటర్ల ఆయన షెడ్డు మాత్రం అక్కడే ఉంది, యంత్రాలు ఉన్నాయి, ఖాతాలో డబ్బు ఉంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, దొరకనివాడి బాకీ దొరికినవాడి మీద రాశారు.

అధికారుల వైపు నుంచీ ఒక మాట ఉంది, అది తేలికైనది కాదు. బిల్లుల వ్యాపారం అబద్ధం కాదు. 2018లో ఒకాయన నా గదికి వచ్చి, ఎంత ఇన్‌పుట్ కావాలంటే అంతకు బిల్లులు ఇస్తాను, పన్నులో కొంత భాగం నాకు ఇవ్వండి చాలు అన్నాడు. సరుకు ఉండదు. లారీ కదలదు. అద్దె ఒప్పందం ఒకటి, ఎవరివో ఆధార్, పాన్ కాగితాలు, వాటితో ఒక జీఎస్టీ నంబరు, ఆరు నెలలు బిల్లులు రాయడం, తర్వాత మాయం. నా దగ్గరకు వచ్చేవాళ్లలోనే ఇద్దరు ఆశపడ్డారు. ఒకరిని ఆపగలిగాను, రెండో ఆయన తన ఫైళ్లు తీసుకుని వేరే ఆడిటర్ దగ్గరకు వెళ్లిపోయారు. బిల్లుల మీద లారీ నంబరు రాయవలసిన చోట స్కూటరు నంబర్లు దొరికిన సంగతి పత్రికల్లో అందరం చదివాం. ఇలాంటి నకిలీ నంబర్ల కోసమే 2023లో, మళ్లీ 2024లో దేశమంతటా ప్రత్యేక తనిఖీలు పెట్టవలసి వచ్చింది. ఖజానాకు రాని పన్నుకు ఖజానా ఎందుకు క్రెడిట్ ఇవ్వాలి అని అధికారి అడిగితే, అది న్యాయమైన ప్రశ్నే.

నా జవాబు ఇంకో ప్రశ్న. ఆ నంబరు ఇచ్చింది ఎవరు? కల్టివేటర్ల ఆయన ఇవ్వలేదు. 36తో మొదలయ్యే ఆ పదిహేను అక్షరాల నంబరును ఇచ్చింది మన రాష్ట్రంలో శాఖే. కొనేవాడు దుకాణంలో గోడకు తగిలించిన ధృవపత్రం చూశాడు, పోర్టల్లో నంబరు కొడితే "యాక్టివ్" అని వచ్చింది. అంతకన్నా ఏం చూడాలి? ప్రభుత్వం నమ్మకస్తుడని ముద్ర వేసిన మనిషిని నమ్మడం కొనేవాడి నేరం ఎలా అవుతుంది? సరుకు రాకుండా బిల్లు కొన్నవాడు వేరు, సరుకు తెచ్చుకుని పూర్తి డబ్బు ఇచ్చినవాడు వేరు. అమ్మినవాడు పన్ను కడితేనే కొన్నవాడికి ఇన్‌పుట్ అనే చట్టంలోని ఈ షరతు ఇద్దరినీ ఒకే గాటన కడుతోంది. వాళ్లలో మొదటివాడిని పట్టుకోవడానికి సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లు ఉంది, కాటా చీటీ ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, కరెంటు మీటరు ఉంది. అవి చూడటానికి ఓపిక కావాలి. పోర్టల్లో రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి తేడా రాగానే నోటీసు కొట్టడానికి ఓపిక అక్కర్లేదు.

కోర్టులు ఏమన్నాయని ఆయన అడిగారు. వ్యాట్ రోజుల్లో ఢిల్లీ హైకోర్టు 2017లో నిజాయితీగా కొన్నవాడిని శిక్షించకూడదంది. జీఎస్టీలో మద్రాసు హైకోర్టు 2021లో, కలకత్తా హైకోర్టు 2023లో, ముందు అమ్మినవాడి వెంట పడండి అన్నాయి. అదే 2023లో పట్నా హైకోర్టు షరతు చెల్లుతుందంది. సుప్రీంకోర్టు ఆ ఏడాది మార్చిలో, కర్ణాటక వ్యాట్ కేసులో, బిల్లూ చెక్కూ చూపిస్తే చాలదు, సరుకు నిజంగా చేతులు మారిందని నిరూపించవలసింది కొన్నవాడేనంది. 2025 అక్టోబరులో, ఢిల్లీ వ్యాట్ కేసులో, నిజాయితీగా కొన్నవారి పక్షాన నిలిచింది. ఇవన్నీ విని ఆయన "అంటే గెలుస్తామా, ఓడిపోతామా?" అన్నారు. లక్షా ఎనభై వేల గొడవకు హైకోర్టుకు వెళితే వకీలు ఫీజు ఎంతవుతుందో మా ఇద్దరికీ తెలుసు. తీర్పులు పెద్ద కంపెనీలు తెచ్చుకుంటాయి. చిన్నవాళ్లు ముప్పై రోజుల్లోపు కట్టి జరిమానా తప్పించుకుంటారు. అలా కట్టిన ప్రతి కేసూ, శాఖ లెక్కలో, నిజమైన ఎగవేత దొరికినట్టే నమోదవుతుంది.

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతికి వస్తాను. ఈ నియమాలు బజారులో ఏం చేశాయో మీరు స్టేషన్ రోడ్డులో ఒక గంట కూర్చుంటే కనిపిస్తుంది. అక్కడ వెల్డింగ్ రాడ్లు, నట్లు, బోల్టులు, గ్రైండింగ్ చక్రాలు అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉంది. భర్త పోయాక ఒక అక్క దాన్ని నడుపుతోంది. సైజు చూపించనక్కర్లేదు, పాత బోల్టు ఆమె చేతిలో పెడితే చాలు, తిప్పి చూసి డబ్బా తీస్తుంది. ఆమె మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతిలో ఉంది. ఏడాదికి 5 కోట్ల లోపు అమ్మకాలున్న వాళ్లకు సౌకర్యంగా ఉంటుందని పెట్టిన పద్ధతి అది. కానీ ఆమె బిల్లు కొన్నవాళ్ల 2బిలో మూడు నెలలకు కానీ కనిపించదు. నెలనెలా ముందుగా ఎక్కించే వీలు ఉంది, 13వ తేదీ లోపు. దానికి ఆమె ఆడిటర్ నెలకు ఇంత అని విడిగా అడుగుతాడు. దాంతో కొన్ని వర్క్‌షాపుల వాళ్లు ఆమె దగ్గర మానేసి, హైదరాబాదు రాణిగంజ్ నుంచి ఒకేసారి పెట్టెలు తెప్పించుకుంటున్నారు. ధర తక్కువని కాదు, సరుకు మంచిదనీ కాదు. బిల్లు పన్నెండో తేదీకల్లా పోర్టల్లో ఉంటుంది, అంతే.

చిన్న వ్యాపారుల కోసం పెట్టిన కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవాళ్ల సంగతి మరీ అన్యాయం. వాళ్లు తక్కువ శాతం కడతారు, కొన్నవాళ్ల దగ్గర పన్ను వసూలు చేయకూడదు, కాబట్టి ఇన్‌పుట్ అందించలేరు. ఫ్యాక్టరీకి సరుకు వేసేవాడు కాంపోజిషన్‌లో ఉంటే గేటు దగ్గరే వెనక్కి పంపుతారు. పైగా తెలంగాణలో రిజిస్ట్రేషన్ గీత కూడా కిందే ఉంది. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకు 40 లక్షలు దాటితే నంబరు, మన దగ్గర 20 లక్షలకే. రోజుకు ఆరు వేల అమ్మకం ఉన్న దుకాణం కూడా దీనిలోకి వచ్చేస్తుంది. కొత్తవాడలో దర్రీలు నేయించేవాళ్లు, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ దర్రీలే, పెద్ద షోరూముకు సరుకు వేయాలంటే అక్కడివాళ్లు ముందు అడిగేది నాణ్యత గురించి కాదు, "మీరు నెలనెలా వేస్తారా, మూడు నెలలకా?" అని. గీసుగొండ, సంగెం మధ్య కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో ఉన్న పెద్ద ఫ్యాక్టరీలకు ఈ బాధ లేదు. వాళ్లకు లెక్కల విభాగం ఉంటుంది, సరుకు వేసేవాళ్ల రిటర్నులు రోజూ చూసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది.

ఇంకో పద్ధతి కూడా స్థిరపడిపోయింది. కొన్నవాడు సరుకు ధర ఇచ్చి పన్ను భాగం ఆపేస్తాడు. "2బిలో వచ్చాక ఇస్తా." నేనే చాలామందికి ఈ సలహా ఇచ్చాను, దాచడం ఎందుకు. నా వాళ్లను కాపాడుకోవడం నా పని. కానీ అవతల అమ్మినవాడు ఆ పన్ను 20వ తేదీకి తన జేబులోంచి కట్టాలి. వసూలు కాని పన్నుకు అప్పు చేసి కట్టినవాళ్లను చూశాను. ఒక నెల కట్టలేకపోతే 3బి ఆగుతుంది, 3బి ఆగితే తర్వాతి నెల అమ్మకాలు ఎక్కించడానికి పోర్టల్ ఒప్పుకోదు, అది ఆగితే ఇంకెవరూ కొనరు. దొంగ అనిపించుకున్న ఎగవేతదారుల్లో కొందరు ఇలా జారిపోయినవాళ్లే. మా ఇనుము వ్యాపారి ఏ రకమో నాకు తెలియదు.

మరి ఏం చేయాలంటారు అని అడిగితే, దూరం వెళ్లనక్కర్లేదు, ఎనుమాముల మార్కెట్‌కు వెళితే చాలు. రైతు పత్తి బస్తా తెస్తాడు. జిన్నింగ్ మిల్లు కొంటుంది. రైతుకు జీఎస్టీ నంబరు ఉండదు, అతను పన్ను కట్టడు. కాబట్టి 2017 నవంబరు నుంచి, పత్తి కొన్న మిల్లే దాని మీద 5 శాతం పన్ను నేరుగా ప్రభుత్వానికి నగదుగా కడుతుంది. కట్టినదాన్ని అదే రిటర్నులో ఇన్‌పుట్‌గా తీసుకుని, దూది అమ్మకం మీద పన్నుకు చెల్లు పెట్టుకుంటుంది. రివర్స్ ఛార్జ్ అంటారు. ఇందులో మధ్యలో పన్ను మింగేవాడు లేడు. అమ్మినవాడు కట్టాడా లేదా అనే ప్రశ్నే పుట్టదు. కొన్నవాడు కట్టాడు, కొన్నవాడు తీసుకున్నాడు. మిల్లుల వాళ్లు సీజనులో నగదు సర్దుకోలేక గొణుగుతారు, ఆ ఇబ్బంది నిజమే, దాన్ని కొట్టిపారేయను. అయినా ఈ ఎనిమిదేళ్లలో ఏ మిల్లుకూ "రైతు కట్టలేదు, మీరు కట్టండి" అని నోటీసు రాలేదు.

ఇనుములోనే చూడండి. తుక్కు వ్యాపారంలో బిల్లుల మోసాలు మితిమీరాయని 2024 అక్టోబరు 10 నుంచి నంబరు లేనివాళ్ల దగ్గర తుక్కు కొంటే కొన్నవాడే పన్ను కట్టాలన్నారు. నంబరు ఉన్నవాళ్ల దగ్గర కొంటే 2 శాతం కోసి ప్రభుత్వానికి జమచేయాలన్నారు. అంటే మార్గం ప్రభుత్వానికి తెలియక కాదు. ఏ సరుకులో నమ్మకం తక్కువో ఆ సరుకులో కొన్నవాడి చేతే పన్ను కట్టించు, వాడి బాధ్యత అక్కడితో తీరిపోనివ్వు. లేదా బ్యాంకు చెల్లింపు జరిగేటప్పుడే పన్ను భాగం విడిగా ఖజానాకు వెళ్లేలా చెయ్యి. ఈ రోజుల్లో టీ కొట్టు దగ్గర పది రూపాయలు ఫోనులో చెల్లిస్తే క్షణంలో పెట్టెలోంచి ఆడగొంతు చెబుతుంది. ఏడు లక్షల బిల్లులో లక్షా ఎనిమిది వేలను వేరు చేసి పంపడం అసాధ్యమంటే నేను నమ్మను. ఇవేవీ కుదరకపోతే కనీసం, బిల్లు 2బిలో కనిపించి, సరుకు చేరినట్టు కాగితాలుండి, డబ్బు బ్యాంకు ద్వారా వెళ్లి ఉంటే, కొన్నవాడిని వదిలి అమ్మినవాడిని పట్టుకోవాలి. ఇద్దరూ కుమ్మక్కయ్యారని శాఖ నిరూపిస్తే అప్పుడు ఇద్దరినీ వదలకండి, నేను అడ్డు రాను.

కట్టడాల మీద ఇన్‌పుట్ గురించి కూడా రాయాలని కూర్చున్నాను. హంటర్ రోడ్డులో ఫంక్షన్ హాలు కట్టిన ఒకాయన సిమెంటు, ఇనుము, కాంట్రాక్టరు మీద కట్టిన పన్ను ఒక్క రూపాయి తీసుకోలేకపోయారు, హాలు అద్దె మీద మాత్రం 18 శాతం కడుతున్నారు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక చిన్న కిటికీ తెరిస్తే, 2025 బడ్జెట్‌లో చట్టంలోని ఒక్క మాట మార్చి 2017 నుంచే వర్తించేలా దాన్ని మూసేశారు. "లేదా" ఉన్నచోట "మరియు" పెట్టారు. వ్యాకరణానికి ఇంత ఖరీదు ఉంటుందని నేను బడిలో నేర్చుకోలేదు. అది వేరే కథ, ఇంకోసారి రాస్తాను.

పదకొండు రోజుల్లో మేము జవాబు తయారుచేశాం. కట్టేసి వదిలించుకుందామని మొదట అనుకున్న ఆయన, మూడో రోజు వచ్చి "వద్దు సార్, రాయండి" అన్నారు. బిల్లు ఉంది. బ్యాంకు స్టేట్‌మెంటు ఉంది. ఈ-వే బిల్లు ఆయన ఫోనులో, వ్యాపారి అప్పుడు పంపిన వాట్సాప్‌లో దొరికింది. కాటా చీటీ కోసం షెడ్డులో రెండు గంటలు వెతికారు. ఇనుము లారీని నర్సంపేట రోడ్డు కాటా మీద తూయించిన చీటీ అది, పాత డైరీలో పేజీల మధ్య దొరికింది. ఎండకు, వేడికి దాని మీద అచ్చు ఎగిరిపోయింది. ఆ చీటీలు వేడితో అచ్చయ్యే కాగితాలు, ఏడాది దాటితే తెల్లబడిపోతాయి. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే లారీ నంబరులో చివరి నాలుగు అంకెలు, బరువులో మొదటి రెండు అంకెలు కనిపించాయి. ముదురు చేసి జిరాక్సు తీశాం. లారీ నంబరు ఈ-వే బిల్లుతో కలిసింది. ఆ ఇనుముతో చేసిన కల్టివేటర్ల అమ్మకం బిల్లులు, అవి కొన్న రైతుల ఊళ్లతో సహా, వరుసగా జతచేశాం. అంతా కలిపి నలభై రెండు పేజీలు. విచారణ తేదీ ఇంకా రాలేదు.

జవాబు ఎక్కించాక, ఆయన ఆ నెల కొనుగోలు బిల్లుల కట్ట బల్ల మీద పెట్టారు. ఇప్పుడు ప్రతి బిల్లు మీద పన్ను అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి తెస్తున్నారు. ఒక్కొక్కటే 2బితో సరిచూస్తూ పోయాం. రాణిగంజ్ బిల్లు ఉంది, గ్యాసు సిలిండర్ల బిల్లు ఉంది, కొత్త ఇనుము వ్యాపారి బిల్లు ఉంది. చివర స్టేషన్ రోడ్డు అక్క దుకాణం బిల్లు, చేత్తో రాసింది. వెల్డింగ్ రాడ్లు రెండు వేలు, పన్ను 360. పోర్టల్లో లేదు.

"ఆమెకు ఫోను చేయమంటారా?" అన్నాను.

"వద్దులెండి" అని ఆ బిల్లును కట్టలోంచి తీసి జేబులో పెట్టుకున్నారు.